దిగి నడవరా

మా పల్లెనుంచి బడికి మూడు దోవలుండేవి. మూడిట్లో మాది యేదో మాకు తెలుసు. మీకు తెలియదు కాబట్టి చెబుతాను.

మొదటిది నడిబజారు. మా మాదిగపల్లె ఊరికి దక్షిణాన వుంది. హైస్కూలు ఉత్తరపు కొసన వుంది. నడిబజారెమ్మట తాడు లాగినట్టు నేరుగా పోతే ముప్పావు మైలు. అటూయిటూ వేపచెట్లు, కానుగచెట్లు, పెద్దిళ్ళు, యిళ్ళ ముందు అరుగులు. రెండోది వాగు పక్క డొంక. నాగజెముడు, తుమ్మముళ్ళు, వానాకాలం మోకాటి బురద. ఊరంతా చెంబులు పట్టుకుని కూచునేది కూడా ఆ డొంకలోనే. మూడోది పెద్దరోడ్డు. మద్రాసునుంచి కలకత్తా పోయే రోడ్డు. మార్టూరుకూ మేదరమెట్లకూ నడుమ మా ఊరి పడమటి పక్కన ఆనుకుని పోయేది. పొగాకు లారీలు, పత్తి లారీలు, రాత్రింబగళ్ళు. 2010కి ముందు దాన్ని అయిదో నంబరు అనేవాళ్ళు, యిప్పుడు పదహారో నంబరు జాతీయ రహదారి. మేం మాత్రం అప్పుడూ యిప్పుడూ పెద్దరోడ్డనే అంటాం.

1981లో నేను ఆరో తరగతి, మా అన్న తొమ్మిది. నడిచి పోయేటప్పుడు నడిబజారెమ్మటే పోయేవాళ్ళం. నడవొచ్చు. మా తాత కాలంలో అయితే చెప్పులు చేతబట్టుకుని నడవాలంట. ఊళ్ళో చెప్పులు కుట్టేది మా తాతే. ఆయన కుట్టిన చెప్పులు తొడుక్కుని బజార్లో కిర్రుకిర్రుమని తిరిగేది వాళ్ళు. కుట్టినాయన వొట్టికాళ్ళు. మా కాలానికి చెప్పులు కాళ్ళకొచ్చాయి. స్వరాజ్యం అక్కడిదాకా వొచ్చిందనుకున్నాం. సైకిలు దగ్గరికొచ్చేసరికి ఆగింది.

ఆ సైకిలు సంగతి చెప్పాలి. మా నాయన పొగాకు బేరను దగ్గర కూలి. ఆ యేడు సీజను డబ్బుల్లో నూటయిరవై రూపాయలు పక్కన పెట్టి మార్టూరులో పాత హెర్క్యులస్ వొకటి కొన్నాడు. బెల్లు లేదు. వొక పక్క పెడల్ వూడిపోయి వుత్త యినప వూచ మిగిలింది. చైను మీద కవరు లేదు కాబట్టి మా అన్న పంట్లాం అంచుకు రబ్బరుబ్యాండు వేసుకునేవాడు. అయినా సరే, మా పల్లెలో బడిపిల్లోడికి సైకిలు కొన్న మొదటి యిల్లు మాది. పల్లెంతా వొచ్చి చూసిపోయింది. మా నాయనమ్మ దానికి పసుపు పూసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. మా అన్న వెనక మడ్‌గార్డు కొసన జానెడు మేర తెల్లపెయింటు వేశాడు. రాత్రిపూట లారీ లైట్లకు కనబడాలంట. అప్పటికింకా ఆ సైకిలు పెద్దరోడ్డెక్కాల్సి వస్తదని వాడికీ తెలియదు. మార్టూరు సైకిళ్ళకుంటే చూసి వేశాడు, అంతే.

మర్నాడు పొద్దున నన్ను వెనక క్యారేజీ మీద కూచోబెట్టుకుని నడిబజార్లో దిగాడు. బెల్లు లేదు కాబట్టి నేను నోటితో ట్రింగు ట్రింగుమంటన్నాను. నాలుగిళ్ళు దాటాం. అయిదో యింటి అరుగు మీదనుంచి వొక కేక.

“యెవుర్రా అది? దిగి నడవరా!”

మా అన్నకు అర్థం కాలేదు. చక్రంలో గాలి దిగిపోయి వుంటే పెద్దాయన మంచికే చెబుతున్నాడనుకున్నాడు. తొక్కుతూనే వంగి వెనక చక్రం చూశాడు. చక్రం బాగానే వుంది. “గాలుంది తాతా” అన్నాడు. పద్నాలుగేళ్ళ వెర్రినాగన్న! అరుగు మీది నలుగురూ నవ్వారు. ఆ నవ్వు తిట్టుకంటే పాడు. పెద్దాయన నవ్వలేదు. “నీ యబ్బ యెవుర్రా? బజార్లో మా ముందర పెడల్ మీద కాలేసి పోయేంత మొగోడివయ్యావా? దిగు. ఆ పిల్లని కూడా దింపు” అన్నాడు. దిగాం. మా పక్కనుంచే మా క్లాసు పిల్లలిద్దరు వాళ్ళ సైకిళ్ళ మీద బెల్లు కొట్టుకుంటా పోయారు. వాళ్ళు ఊరి పిల్లలు. మిగతా బజారంతా మా అన్న సైకిలు నెట్టుకుంటా, నేను వెనక నడుచుకుంటా పోయాం. సైకిలుంటే నడక తప్పుతుందనుకున్నాం, నడకతోపాటు సైకిలు మొయ్యటం కూడా వొచ్చింది.

సాయంత్రం మా నాయనకు కబురొచ్చింది. యెవరూ కొట్టలేదు, కట్టేసి అడగలేదు. మర్యాదగానే చెప్పారంట. “సైకిలు కొనొద్దన్నామా? కొనుక్కో. గవర్నమెంటు రోడ్డుండె గదా, దాని మీద వాణ్ణి యెక్కి తొక్కుకోమను. బజార్లో పెద్దామాసులు కూచోనుంటారు, బాగుండదు.” మా నాయన సరేనని వొచ్చాడు. బేరను వాళ్ళదే మరి.

“పెద్దరోడ్డెమ్మట పోండయ్యా. కాస్త చుట్టేగా” అన్నాడు మా నాయన.

మా అమ్మ పొయ్యిదగ్గరనుంచి లేచింది. “లారీలకు పెద్దంతరం చిన్నంతరం తెలుసా? అవి దిగి నడవమనవు. యెక్కి తొక్కుతయ్” అంది.

మా నాయన మాట్లాడలేదు. ఆ రాత్రి మా యింట్లో ముద్ద సరిగా యెవరికీ దిగలేదు. అయినా తెల్లారి పెద్దరోడ్డు మీదే పోయాం.

అప్పటి రోడ్డు వొకే పట్టీ. రెండు లారీలు యెదురైతే యెవరో వొకరు మట్టిలోకి దిగాలి. తారు అంచుకూ మట్టి మార్జినుకూ జానెడు లోతు. వానలకు మట్టి కోసుకుపోయి తారు కత్తిలాగా నిలబడేది. సైకిలు తారు మీదనుంచి కిందికి దిగటం వొక విద్య, దిగినాక మళ్ళీ యెక్కటం యింకో విద్య. ఏటవాలుగా యెక్కబోతే ముందుచక్రం అంచుకు రాసుకుని పడేస్తుంది. మా అన్న నెల రోజుల్లో రెండూ నేర్చాడు. నన్ను వెనక్కి తిప్పి కూచోబెట్టేవాడు. వెనకనుంచి లారీ వస్తే నేను అరవాలి. వాడికి అద్దం నేనే. మోతను బట్టి అది ఖాళీ లారీయో, లోడు లారీయో, బస్సో చెప్పేదాన్ని. ఖాళీ లారీ డబ్బాలాగా మోగుద్ది, మాట వినదు. లోడు లారీ మూలుగుతుంది, దాని గాలి పక్కకు లాగుతుంది. యివన్నీ యే పుస్తకంలోనూ లేవు. అరుగులకింద నీడలో బడికి పోయే పిల్లలకు యివి రావు. రానవసరమూ లేదు.

1982 ఫిబ్రవరి. పొగాకు బేళ్ళ సీజను. బడినుంచి తిరిగొస్తున్నాం. వెనకనుంచి లోడు లారీ. అరిచాను. అదే వేళకు ముందునుంచి యింకోటి. మా అన్న మార్జినులోకి దించాడు. బాగానే దించాడు. మార్జినులో యెవరో కంకర కుప్ప పోసి వున్నారు. దాన్ని తప్పించబోయి హాండిలు తారువైపు తిప్పాడు, ముందుచక్రం అంచుకు తగులుకుంది. నేను మట్టి పక్కకు పడ్డాను. వాడు రోడ్డు పక్కకు పడ్డాడు. బేళ్ళ లారీ వెనకచక్రం సైకిలు సగాన్నీ వాడి యెడమ పాదాన్నీ తీసుకుపోయింది. లారీ ఆగలేదు. తెల్లపెయింటు వేసిన మడ్‌గార్డు నాలుగు మడతలు పడి నా వొళ్ళో వుంది. యెట్టా వొచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

మూడు నెలలు ఒంగోల్లో ఆస్పత్రి. పాదం వుంది గానీ మడమ లోపలికి తిరిగిపోయింది. పరీక్షలు పోయాయి. బడికి మళ్ళీ పోలేదు. లెక్కల్లో నాకంటే వాడే తెలివిగలోడు. యీ మాట మర్యాదకు అంటున్నది కాదు. నేను యివాళ లెక్కల టీచరునైతే నాకు కూడికలూ తీసివేతలూ గచ్చు మీద బొగ్గుతో నేర్పింది వాడే.

అరుగు మీది పెద్దాయన చూడటానికొచ్చాడు. మంచం పట్టె మీద యిరవై రూపాయలు పెట్టి, “జాగర్తగా తొక్కొద్దంటయ్యా” అన్నాడు. ఆయన దుర్మార్గుడని నేననను. ఆయన కంట్లో నీళ్ళు కూడా తిరిగాయి. తానన్న రెండు మాటలకూ, మా అన్న పాదానికీ మధ్య ముడి వుందని మాత్రం ఆయనకు తట్టలేదు. పోలీసు కాగితంలో యాక్సిడెంటు అని రాశారు. ఆ యింగ్లీషు మాట నేనప్పుడే నేర్చుకున్నాను. యెవరూ చెయ్యకుండా జరిగిపోయేదాన్ని యాక్సిడెంటు అంటారంట. మా నాయన వొక్కడే వొప్పుకోలేదు. “నేనే పంపినా, నేనే పంపినా” అంటానే వుండేవాడు, పోయేదాకా.

చాలా యేళ్ళ తర్వాత బియీడీ చదివేటప్పుడు అంబేడ్కర్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ చేతికొచ్చింది. అందులో 1929 నాటి సంగతొకటుంది. అంటరానివాళ్ళ మీద జరిగే అన్యాయాలను విచారించే కమిటీ సభ్యుడిగా ఆయన ధూలే వైపు వెళ్ళి తిరిగొస్తూ చాలీస్‌గావ్‌లో దిగాడు. మహర్‌వాడకు తీసుకుపోవాలి. గుర్రబ్బండి తోలేవాళ్ళెవరూ మహర్‌ని యెక్కించుకుని తోలమన్నారు. బండి అద్దెకిస్తాం, తోలటం మాత్రం మా వల్లకాదన్నారు. అప్పటికే ఆయన బారిస్టరు. చివరికి బండి తోలటం రాని మహర్ మనిషొకడు కళ్ళేలు పట్టాడు. వాగు మీది కల్వర్టు దగ్గర చక్రం రాళ్ళ మధ్య యిరుక్కుని బండి తిరగబడింది. అంబేడ్కర్ రాళ్ళ మీద పడ్డాడు, కాలు విరిగింది. గుర్రమూ బండీ వాగులో పడ్డాయి.

ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేశాను. హాస్టల్లో నా పక్కమంచం అమ్మాయి, యేందే అట్టా అయిపోయావ్ అనడిగింది. అంబేడ్కర్‌కి కూడా మా అన్నకు జరిగిందే జరిగింది అన్నాను. ఆయన కథ ఆగేది గుర్రం దగ్గర కాదు, చక్రం దగ్గరా కాదు. తోలనన్న మనిషి దగ్గర ఆగుతుంది. మా అన్న కథ కూడా లారీ దగ్గర ఆగదు.

మళ్ళీ వెనక్కి వస్తాను. 1985లో నేను పదో తరగతి. మాకు తూర్పుదిక్కున కారంచేడులో జూలై 17న ఆరుగురు మాదిగలను నరికి చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన మాట. బతికినోళ్ళు పిల్లల్ని చంకనేసుకుని చీరాల పరుగెత్తారు. మా పల్లె నెల రోజులు నిద్రపోలేదు. బడికి పంపలేదు. మా పల్లె కుర్రోళ్ళు చీరాల శిబిరానికి పోయి వొచ్చారు, వొచ్చినోళ్ళు పోయిన మనుషుల్లాగా లేరు. వొకరోజు పొద్దున నలుగురు సైకిళ్ళేసుకుని నడిబజారెమ్మట తొక్కుకుంటా పోయారు. యెచ్చుగా కాదు, మెల్లగా. వాళ్ళ వెనక మా అన్న, వొంటికాలితో తొక్కుకుంటా. నేను క్యారేజీ మీద. యీసారి ముందుకు తిరిగి కూచున్నాను. అరుగుల మీద చూపులున్నాయి, మాట లేదు. ఆరుగురు చచ్చిపోతే మా పిల్లలు బజార్లో సైకిలెక్కారు. యీ లెక్క యెవరైనా తప్పని చెబితే సంతోషిస్తాను.

అన్న పెద్దరోడ్డు పక్కన చింతచెట్టు కింద సైకిలుషాపు పెట్టాడు. షాపంటే గోనెపట్టా, గాలిపంపు, నీళ్ళబొచ్చె, సొల్యూషను ట్యూబు, పానాలు. పంచరు వేయటం కంటే వాడికి బ్రేకుల మీద పట్టింపు యెక్కువ. బడిపిల్లల సైకిలు వస్తే ముందు బ్రేకుకట్టలు నొక్కి చూసేవాడు. అరిగిపోతే డబ్బుల్లేకపోయినా మార్చేవాడు. వెనక మడ్‌గార్డుకు యెర్ర రిఫ్లెక్టరు బిగించకుండా పంపేవాడు కాదు. “యెనకమాల చూసే చెల్లెలు అందరికీ వుండదు గదా” అనేవాడు.

2000 తర్వాత పెద్దరోడ్డు నాలుగు వరసలైంది. స్వర్ణ చతుర్భుజి అన్నారు. చింతచెట్టు పోయింది, షాపు పోయింది. పోరంబోకులో కూచున్నోడికి నష్టపరిహారం యేముంటుంది? తర్వాత మా పల్లెకు యిళ్ళస్థలాలిచ్చారు. యెక్కడ? పెద్దరోడ్డుకు పడమర, పల్లపు పొలంలో. ఊళ్ళో అమ్ముడుపోని నేల అదే. సరిగ్గా హైస్కూలుకు యెదురుగా. మధ్యలో నాలుగు వరసల రోడ్డు. కాలనీ అరుగు మీద కూచుంటే బడి గంట వినబడుతుంది. గాలిలో కొలిస్తే మూడొందల మీటర్లు. అండర్‌పాసు ఊరి మొగదల, దక్షిణంగా కిలోమీటరు దూరంలో పెట్టారు. ఊరి ట్రాక్టర్లు పొలాలకు పోవటానికి అది సరైన చోటే. కాలనీ పిల్లలు దాంట్లోంచి పోవాలంటే కిలోమీటరు కిందికి, మళ్ళీ నడిబజారెమ్మట కిలోమీటరు పైకి. మూడొందల మీటర్లకు రెండు కిలోమీటర్లు. యే పిల్లోడు నడుస్తాడు? డివైడరు మీది మొక్కల మధ్య కాళ్ళ తొక్కిడికి సందు పడింది. అదే మా పిల్లల దోవ.

కొన్నేళ్ళకు తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ‘బడికొస్తా’ పథకం సైకిళ్ళొచ్చాయి. అప్పటికి నేను మా ఊరి బడికే బదిలీ మీద వొచ్చి వున్నాను. మంచి పథకం. చెప్పుకోవాలి. కానీ ఆ సందు దగ్గర నిలబడి చూశాను. కొత్త సైకిలును యిద్దరు పిల్లలు ముందూ వెనకా పట్టుకుని డివైడరు మీదికెత్తి, అవతలికి దించుతున్నారు. మా అన్న నెట్టుకుపోయిన సైకిలు నా కళ్ళముందు కొచ్చింది. సైకిలిచ్చారు, సైకిలు తొక్కే దోవ యివ్వలేదు.

యింకో సంగతి కూడా అప్పుడే. అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26నుంచి అమల్లోకొచ్చింది. దళితుడు బహిరంగ స్థలంలో సైకిలెక్కకుండా అడ్డుకోవటం, చెప్పులు తొడగకుండా అడ్డుకోవటం నేరమని అందులో పేరుపెట్టి రాశారు. సైకిలు అన్న మాట చట్టంలో వుంది! నేను కాగితం తీసుకుపోయి అన్నకు చదివి వినిపించాను. వాడు గాలిపంపు ఆపి విన్నాడు. “ముప్పై నాలుగేళ్ళు లేటు. నా కాలేమన్నా తిరిగొస్తదేమో అడుగు” అన్నాడు. కాసేపయ్యాక, “యింకోసారి చదువు” అన్నాడు.

2022లో 117 నంబరు జీవో వొచ్చింది. ప్రాథమిక బడుల్లోని మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దగ్గరి హైస్కూళ్ళలో కలిపారు. దగ్గర అంటే కాగితం మీద కిలోమీటరు లోపల. మా కాలనీ బడి పిల్లలు మూడొందల మీటర్లలోనే వున్నారు మరి! యెనిమిదేళ్ళ పిల్లలు పెద్దరోడ్డు దాటటం మొదలుపెట్టారు. విద్యాహక్కు చట్టం కింద 2010లో కేంద్రం రాసిన నమూనా నిబంధనల్లో బడి యెంత దూరం వుండాలనే దాంతోపాటు, దోవలో చిన్నపిల్లలకు ప్రమాదం వుంటే ఆ ప్రమాదం తప్పేటట్టు బడి పెట్టాలని కూడా వుంది. మొదటి మాట అందరికీ గుర్తుంది. రెండోమాట యెవరికీ గుర్తులేదు.

ఆ జూలైలో తొమ్మిదో తరగతి వాళ్ళకు కాలం, దూరం, వేగం లెక్కలు పుస్తకంలోంచి చెప్పటం మానేశాను. టేపు తీసుకుని రోడ్డు దగ్గరికి పోయాం. వొక పక్క తారు యెనిమిదిన్నర మీటర్లు. మూడో తరగతి పిల్ల సంచీ మోసుకుని దాన్ని దాటటానికి యెనిమిది సెకన్లు. గంటకు 80 కిలోమీటర్లతో వచ్చే లారీ సెకనుకు 22 మీటర్లు. యెనిమిది సెకన్లకు 176. అయితే సందులో నిలబడ్డ పిల్లకు రోడ్డు యెంత దూరం కనబడుతుంది? డివైడరు మీద గన్నేరు మొక్కలు నాటారు. పూలు బాగుంటాయి. మూడో తరగతి పిల్లకంటే పొడవుంటాయి. వంపు కూడా వుంది. మేం కొలిస్తే 130 మీటర్లు. వెనక బెంచీ కుర్రాడొకడు పలక మీద భాగారం వేసి నిలబడిపోయాడు. “టీచర్, లారీ ఆరో సెకనుకే వొచ్చేస్తది. అంటే రోడ్డు ఖాళీగా కనబడ్డప్పుడు కూడా ఖాళీ కాదా?” అన్నాడు.

కాదు నాయనా.

ఆ లారీ 30 కిలోమీటర్ల వేగంతో వస్తే యెనిమిది సెకన్లకు 67 మీటర్లే. పిల్ల దాటిపోతుంది. పిల్లలు నడిచేచోట 30కి మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వుత్తినే కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వాళ్ళలో 32,825 మంది నడిచిపోయేవాళ్ళు. ఆ పట్టికల్లో వయసు వుంది, ఆడామగా వుంది, రోడ్డు రకం వుంది. కులం గడి లేదు. యిల్లెక్కడ, బడెక్కడ, రెంటి మధ్య రోడ్డు యెట్లా వొచ్చింది అని అడిగే గడి అసలే లేదు.

పిల్లలు వేసిన లెక్కల కాగితాలు కుట్టి సోమవారం అర్జీల్లో యిచ్చాను. మూడు సోమవారాలు. “అండర్‌పాసు వుంది గదమ్మా, పిల్లల్ని దాటొద్దని మీరే చెప్పాలి” అన్నాడొకాయన. గన్నేరు మొక్కలు కొట్టెయ్యమంటే, యెదురు లైట్లు డ్రైవర్ల కళ్ళల్లో పడకుండా నాటామన్నాడు యింకొకాయన. ఆయన చెప్పిందీ నిజమే. డ్రైవరు కళ్ళ గురించి ఆలోచించారు. యెనిమిదేళ్ళ పిల్ల కళ్ళు యెంత యెత్తులో వుంటాయో మాత్రం యెవరూ కొలవలేదు.

అన్న నన్నడగలేదు. అరవై దగ్గర పడుతున్న మనిషి, పాత యెర్రలుంగీ చింపి కర్రకు కట్టుకుని పొద్దున యెనిమిదిన్నరకు సందు దగ్గర నిలబడటం మొదలుపెట్టాడు. పిల్లల్ని గుంపుచేసి, గుడ్డ వూపి, లారీ జోరు తగ్గినాక దాటించేవాడు. గస్తీబండి వాళ్ళు ఆపి, “రోడ్డు మీద నిలబడటానికి నీకేం అధికారం వుందయ్యా?” అనడిగారు. పంట్లాం పైకి లాగి పాదం చూపించాడంట. వాళ్ళు మంచివాళ్ళే, మర్నాడు వొక మెరిసే చొక్కా యిచ్చిపోయారు.

సెప్టెంబరులో నాలుగో తరగతి పిల్లోణ్ణి మోటారుసైకిలు కొట్టింది. గ్రానైటు లారీ పక్కనుంచి దూసుకొచ్చింది, కనబడలేదు. అన్న ఆ పూట జొరంతో పడుకుని వున్నాడు. చెయ్యి విరిగింది, బతికాడు. అప్పుడు కదిలారు. సందుకు అటూయిటూ వంద మీటర్లు గన్నేర్లు మోకాటి యెత్తుకు కత్తిరించారు. రోడ్డుకు అడ్డంగా దడదడలాడే మందపు గీతలు వేశారు. పసుపు బోర్డు మీద బడిపిల్లల బొమ్మ పెట్టారు. పాదబాట వంతెన పరిశీలనలో వుందన్నారు. ఆ మాట విని యేళ్ళయింది.

చిన్నపిల్లల్ని అయినా అండర్‌పాసు లోంచి తీసుకుపోదామని కాలనీ తల్లులు ముందుకొచ్చారు. కూలికి పోయే టైము చూసుకుని వంతులేసుకున్నారు. ముందు వొక తల్లి, వెనక వొక తల్లి, మధ్యలో నలభైమంది పిల్లలు, పెద్దపిల్లల సైకిళ్ళకు సంచులు తగిలించి. కిలోమీటరు కిందికి, అండర్‌పాసు, తర్వాత నడిబజారు. మొదటిరోజు నేనూ పోయాను. పిల్లలు బెల్లులు కొట్టుకుంటా, యెక్కాలు పాడుకుంటా నడుస్తున్నారు. అయిదో యింటి అరుగు యిప్పుడు లేదు, గ్రానైటు మెట్లున్నాయి. ఆ పెద్దాయన మనవడు మెట్ల మీద ఫోను చూసుకుంటున్నాడు. తలెత్తి, “యేంది మేడం, దినామూ యిట్టనే వస్తారా? బండి తీసుకోటానికి కష్టమైతది” అన్నాడు.

“దినామూ వస్తాం బాబూ” అన్నాను.

అతను దిగి నడవమనలేదు. బండి వెనక్కి తీసి పెట్టుకున్నాడు. కాలం మారిందా అంటే కొంచెం మారింది. ఆ మూడో యింటామె మాత్రం మా పిల్లలు తన ముగ్గు తొక్కకుండా వాకిట్లో రాళ్ళు పేర్చింది. ముగ్గు కోసమే అయ్యుండొచ్చు.

2025లో 117 జీవోను వెనక్కు తీసుకున్నారు. మా చిన్నపిల్లలు కాలనీ బడికి తిరిగొచ్చారు. ఆరునుంచి పైతరగతుల వాళ్ళు యిప్పటికీ దాటాల్సిందే. యెండాకాలం, చలికాలం చాలామంది అండర్‌పాసు గుండా సైకిళ్ళ మీద పోతున్నారు. అక్టోబరులో వానలు పడితే అండర్‌పాసులో నడుముల్లోతు నీళ్ళు నిలుస్తాయి. నీళ్ళు పోయే కాలవను యెవరో చేలో కలుపుకున్నారు. అదొక అర్జీ నడుస్తున్నది.

పోయిన వానల్లో వొకరోజు బడికి తొందరగా పోయాను. సన్నగా జల్లు. గన్నేర్లు మళ్ళీ భుజాలదాకా పెరిగాయి. అన్న మెరిసే చొక్కా వేసుకుని, యెర్రగుడ్డ కర్ర చంకలో పెట్టుకుని, వొక ఆరో తరగతి పిల్ల సైకిలు తలకిందులు చేసి బ్రేకుకట్టలు చూస్తున్నాడు. వెనకాల పన్నెండుమంది పిల్లలు గొడుగుల కింద నిలబడి వున్నారు.

“బళ్ళో గంట కొడతారు తాతా, తొందరగా” అంది ఆ పిల్ల.

“కొట్టనీ. మీ టీచరు యీడనే వుండె” అన్నాడు.